మునిరాజప్ప సారు జేబులో తాళంచెవి

పుంగనూరు రోడ్డులోని బంకులో స్కూటరుకు పెట్రోలు పట్టించుకునే ప్రతిసారీ ఆ వాసనకు మునిరాజప్ప సారు గుర్తొస్తారు. ఆయనది కుప్పం. తొంభైల చివర్లో బెంగళూరు పక్కన ఒక ఫ్లయింగ్ క్లబ్బులో నాకు చిన్న విమానం నడపడం నేర్పారు. కన్నడం, ఇంగ్లీషు తప్ప వినిపించని ఆ చోట మన యాసలో తిట్టేది ఆయనొక్కరే. ఆ తిట్లు వినడానికే పొద్దున్నే వెళ్ళేదాన్ని.

లైసెన్సు చేతికొచ్చాక నాకు కళ్ళు నెత్తికెక్కాయి. మదనపల్లెలో టమోటా మండీ నడిపే మా నాయనైతే ఊరంతా చెప్పుకున్నాడు. అమ్మనూ నాయననూ ఎక్కించుకుని తిప్పుతానంటే సారు నవ్వలేదు.

“ఒక్కదానివే ఉంటే మబ్బు సూసి ఎనక్కి తిరుగుతావమ్మా. మీ నాయన పక్కన కూసోనుంటే తిరగలేవు. ఆయన ముందర సిన్నబోతానని ఇంకా ముందుకే పోతావు. కొత్తగా నేర్చినోళ్ళు సచ్చేది ఆడే,” అన్నారు. చాదస్తం అనుకున్నాను.

నాయన ముహూర్తం పెట్టించాడు. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం, ఆలోపే ఎగరాలి. పుంగనూరులో మేనత్త వాళ్ళంతా మిద్దెక్కి మాకోసం చూస్తుంటారు. తీరా ఆ పొద్దున మబ్బు కొండల మీదికి దిగి కూర్చుంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అప్పుడే పెట్రోలు నింపిన విమానం ముందు అమ్మ కర్పూరం వెలిగించబోతే, సారు పరుగున వచ్చి అగ్గిపెట్టె లాక్కున్నారు. ఆపైన విమానం తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు.

“ఈ పొద్దు వద్దప్పా. మబ్బు పైకి లేసేదాకా ఆగండి. మద్యానం సూద్దాం.”

“పదిన్నరకి రాహుకాలం వస్తాది సార్. ఆడ మావోళ్ళు కాసుకోనుండారు,” అని నాయన నా వైపు తిరిగాడు. “నువ్వు సెప్పు పాపా, నీకు రాదా?”

“వస్తాది నాయనా. సారే యాలనో బయపడతాండాడు,” అన్నాను.

నిజానికి భయపడుతున్నది నేను. అయినా ఆ మాట అనేశాను. సారు నన్నొకసారి చూసి, తాళంచెవితో సహా వెళ్ళిపోయారు.

నాయనకు తల కొట్టేసినట్టయింది. క్లబ్బు కమిటీలో తెలిసినవాళ్ళను పట్టుకున్నాడు. ఇంట్లోవాళ్ళ ఎదుట సారు నన్ను అవమానించారని రాసిన కాగితం ముందు పెడితే సంతకం చేశాను. వారం తిరక్కుండా ఆయన్ను పంపించేశారు.

మూడు నెలలకు, అదే క్లబ్బులో కొత్తగా లైసెన్సు వచ్చిన ఒకతను భార్యనూ బిడ్డనూ ఎక్కించుకున్నాడు. ఆ రోజూ అలాంటి మబ్బే. తాళంచెవి లాక్కునే మనిషి అక్కడ లేడు. విమానం కొండకు కొట్టుకుని ముగ్గురూ పోయారు.

నేను కుప్పం వెళ్ళాను. సారు వాకిట్లో సైకిలుకు గాలి కొడుతున్నారు. కూర్చోమనలేదు.

“ఆ కాగితంలో సంతకం నాదే సార్. నన్ను క్షమించండి.”

“నా ఉద్యోగం సంగతైతే ఎప్పుడో ఇడిసిపెట్టినానమ్మా. ఆ బిడ్డ వయసెంతో అడిగినావా?”

అడగలేదు.

“నాలుగేండ్లు,” అని ఆయన మళ్ళీ పంపు అందుకున్నారు.

తర్వాత నేను విమానం ముట్టుకోలేదు. సారు కూడా ఇప్పుడు లేరు. నేను మాత్రం ఆ నాలుగుకు ఏటా ఒకటి కలుపుకుంటూ వస్తున్నాను. ఈ ఏటితో ఆ బిడ్డకు ముప్పై నిండేవి.