హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పూట

నా పాటలన్నీ పుల్లలచెరువు దగ్గర మా ఊళ్ళో, రేకుల ఇంటి వెనక గదిలోనే పుట్టాయి. స్టూడియో అని గొప్పలు పోయేదాన్ని గానీ, ఉన్నదల్లా పాత ల్యాప్‌టాప్, ఎవరో వాడి అమ్మేసిన మైకు, చర్చిలో మూలపడితే తెచ్చుకున్న గిటారు. గొంతు గోడలకు కొట్టుకుని మోగకుండా అమ్మ కుట్టిన బొంతలు వేలాడదీశాను. ఫ్యాను తిరిగితే ఆ చప్పుడు మైకులో పడుతుంది కాబట్టి ఆపేయాలి. మా ఎండల్లో ఆ రేకుల కింద కూర్చుని దిగులు పాటలు పాడటానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు.

అమ్మవి చర్చిలో అందరూ చప్పట్లు కొట్టి పాడే పాటలు. నావి నాలో నేను గొణుక్కునేవి. ఎవరన్నా పోయినారా అట్ల పాడతాండావని ఒకసారి నవ్వింది. అయినా నేను తలుపు వేసుకుంటే చాలు, అంట్లు తోమడం ఆపేసి, పక్కింటి కోళ్ళను తోలి, చప్పుడు లేకుండా గడపలో కూర్చునేది. నాయన పోయాక కూలికి వెళ్ళి ఇల్లు నడిపిన మనిషి. ఒక ఏడు కంది కోతల కూలితో నాకు హెడ్‌ఫోన్లు కొనిపెట్టింది.

అవి పెట్టుకుంటే నాకు బయటిదేదీ వినపడదని ఆమె నమ్మకం. నిజం దానికి తలకిందులు. మైకుకు వినపడేదంతా వాటిలో ఇంకా గట్టిగా వినపడుతుంది. వీధి చివర మేక అరిచినా తెలిసిపోతుంది. ఆ సంగతి అమ్మకు నేనెప్పుడూ చెప్పలేదు. వినపడనట్టు ఉండిపోవడం నాకు సుఖంగా ఉండేది.

ఆ ఎండాకాలం మా ఊరికి ట్యాంకరు నీళ్ళే దిక్కు. మూడు రోజులు రాని ట్యాంకరు ఒక మధ్యాహ్నం వచ్చింది. అప్పుడు నేను పాట చివరి చరణంలో ఉన్నాను. నెలల తరబడి లొంగని పాట, ఆ పూట గొంతులో ఒదిగి కూర్చుంది. ముందు హారన్ వినపడింది. తర్వాత తలుపు అవతల అమ్మ, నాకు ఇబ్బంది అవుతుందేమోనన్నట్టు చిన్నగా పిలిచింది.

“అమ్మాయ్, నీళ్ళొచ్చినాయి. ఒక బిందె అందుకుందువు రా.”

కాసేపు ఆగింది. చెప్పుల చప్పుడు దూరమైంది. నేను కళ్ళు మూసుకుని పాడుతూనే ఉన్నాను. పాట అయిపోయి, చివరి తీగ ఇంకా మోగుతుండగా, స్టీలు బిందె వాకిట్లో బండల మీద పడి దొర్లింది. వెంటనే అమ్మ కేక.

మార్కాపురం తీసుకెళ్ళాం. తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్ చేసినా ఆ కాలు మళ్ళీ కుదురుగా నిలబడలేదు. ఇక ఆమె చేను గట్టు ఎక్కలేదు.

ఆ రికార్డింగును నేను చెరిపేయలేదు. అంత బాగా మళ్ళీ పాడలేనని తెలుసు. అమ్మ పిలుపు నా గొంతు కింద ఎక్కడో అణిగిపోయింది. కేకను కత్తిరించాను. బిందె చప్పుడు మాత్రం తీగ మోతలో కలిసిపోయి విడదీయడానికి రాలేదు, అట్లాగే నెట్‌లో పెట్టేశాను. నా పాటల్లో నలుగురూ విన్నది అదొక్కటే. చివర్లో బిందె చప్పుడు పెట్టాలన్న ఆలోచన ఎంత బాగుందోనని ఎవరెవరో రాశారు. సిగ్గు లేకుండా అందరికీ దండం బొమ్మలు పెట్టాను. హైదరాబాదు వచ్చి పాడమని పిలిస్తే మాత్రం వెళ్ళలేకపోయాను. ఆ తర్వాత ఇంకో పాట రాలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు అమ్మను చూడటానికి వస్తారు. ఎదిగిన కూతురు ఇంట్లో ఉండి కూడా ఈమెతో నీళ్ళు మోయించిందని నా ముందే అంటారు. అమ్మకు కోపం వస్తుంది.

“దాన్నేమీ అనబాకండి. చెవులకు అయ్యి పెట్టుకోనుండె. నేను పిలిస్తే దానికేం తెలుస్తాది? కొనిచ్చింది నేనే గదా.”

అంతేనా అన్నట్టు వాళ్ళు నా వంక చూస్తారు. అంతేనని తల ఊపుతాను.