ఊడబీకే చెయ్యి

మా భవనం కింద కార్లు పెట్టుకునేచోట మొదటిసారి తాళం వేసింది మా పొరుగావిడ జుల్హుమోరే. ఇల్లు కాదు, పొరుగు చూసి కొనుక్కోమని చెప్పుకునే తాష్కెంట్‌లో, పొరుగువాళ్ల కళ్లెదుట తాళం వేయడమంటే చెంప మీద కొట్టడమే. ఆ దెబ్బ అందరికంటే నాకే ఎక్కువ తగిలింది. ఆమె కరెంటు కారు చార్జింగ్ తీగ నా కారు పక్కనుంచే పోతుంది. ఓసారి దానికి కాలు తట్టుకుని బోర్లా పడి, నోటికొచ్చినట్టు తిట్టాను కూడా.

ఆమె బాధ ఆమెది. భర్త ముహిద్దీన్‌కు మూత్రపిండాలు పోయాయి. రోజు విడిచి రోజు ఊరి అవతలి ఆసుపత్రిలో డయాలసిస్. బడిలో వంట చేసి, ఇంట్లో కుట్టుపని చేసి, అతన్ని తిప్పడానికే ఆ పాత చైనా కారు కొన్నది. అలాంటిది రెండుసార్లు పొద్దున్నే దిగి చూస్తే ప్లగ్గు ఊడి నేల మీద ఉంది, కారులో చార్జి లేదు. రెండోసారి మంచు కురుస్తోంది, టాక్సీ దొరకలేదు. వంతు తప్పింది. ముహిద్దీన్ ఒళ్లంతా నీరు పట్టి, ఊపిరాడక చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. ఇంకోసారి తప్పితే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు.

ప్లగ్గు ఊడాలంటే మీట నొక్కాలి. ఆ మీటకు చిన్న కన్నం ఉంటుంది. జుల్హుమోర్ అందులో తాళం బిగించి, తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకుంది.

"ఎవరి చేతికమ్మా ఈ తాళం?" అన్నాను.

"ఊడబీకే చేతికి, అన్నా," అంది, సూటిగా నా కళ్లలోకి చూస్తూ.

ఒళ్లు మండిపోయింది. తల నెరిశాక దొంగననిపించుకోవాలా? ఆ దొంగను పట్టి ఆమె ముందు నిలబెట్టాలని, పొద్దుగూకేసరికి నా కారులో దీపాలార్పుకుని కూర్చోవడం మొదలుపెట్టాను.

ఓ సాయంత్రం ఎవరో గోడ పట్టుకుని మెల్లగా వచ్చారు. వంగి మీట నొక్కారు. కదల్లేదు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి తాళంలో గుచ్చి తిప్పసాగారు. చప్పుడు కాకుండా దిగి, వెనకనుంచి జబ్బ దొరకబుచ్చుకున్నాను. చేతికి ఎముకే తగిలింది.

ముహిద్దీన్!

"అరవకురా ఎర్గష్," అన్నాడు రొప్పుతూ. "ఆ మిషను మీద పడుకోవడం, ఇంటికొచ్చి వాంతులు చేసుకోవడం... ఇంక నావల్ల కాదు. జుల్హుమోర్ మొహం చూస్తూ రానని చెప్పలేను. కారే కదలకపోతే..."

"నీ పెళ్లాం నన్ను దొంగంటోందిరా!"

"తెలుసు. ఇంకొన్నాళ్లు ఓర్చుకో."

అతన్ని కొట్టాలనిపించింది, కావలించుకుని ఏడవాలనీ అనిపించింది. అంతలో వెనక అడుగుల చప్పుడు. తాళం సరిచూసుకోవడానికి వచ్చిన జుల్హుమోర్. ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు. స్క్రూడ్రైవర్ అతని చేతిలోంచి జారిపోయింది.

ఆమె మెడలోని దారం తీసి తాళంచెవి అతని గుప్పిట్లో పెట్టింది.

"నీ దగ్గరే ఉంచుకో. వద్దనుకుంటే ప్లగ్గు తీసెయ్. నాకు చెప్పి తియ్. దొంగలా కాదు."

నావైపు తిరిగి "అన్నా..." అంది. పర్లేదమ్మా అన్నాను. నిజంగా పర్లేదు.

తెల్లారి భయంభయంగా కిందికి దిగాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. కాసేపటికి ఇద్దరూ వచ్చారు. ఆమె ప్లగ్గు దగ్గరికి పోకుండా దూరంగా నిలబడింది. అతను చాలాసేపు దానికేసి చూశాడు. చివరికి తాళం తీసి, ప్లగ్గు ఊడదీసి, తీగను చుట్టలు చుట్టి కొక్కేనికి తగిలించాడు.

"ఏంట్రా గుడ్లప్పగించి చూస్తున్నావ్? పక్కకు జరుగు, మళ్లీ బోర్లా పడతావ్," అని నన్ను కసిరి, కారెక్కి కూర్చున్నాడు.

జుల్హుమోర్ స్టీరింగు పట్టుకుని అప్పుడేడ్చింది.