నిమ్మ మీద నిమ్మ

సక్కుబాయి వండేటప్పుడు ఉప్పు చూడదు. చూడమని ఎవరైనా అంటే, "చూసుడెందుకు? నాకు ముక్కు లేదా?" అంటుంది. అది పొగరని చాలామంది అనుకునేవారు. కొంత పొగరు ఉన్న మాట నిజమే. కానీ అసలు సంగతి వేరు. బోనం వండేటప్పుడు అమ్మవారి కంటే ముందు మనిషి నాలుకకు తగలకూడదని వాళ్లమ్మ చిన్నప్పుడే గరిటెతో చేతి మీద ఒకటి వేసి మరీ నేర్పింది. సక్కుబాయి ఆ పద్ధతిని బోనంతో ఆపకుండా అన్ని వంటలకూ పట్టుకుంది. తినేది దేవతైనా మనిషైనా, ఎంగిలి చేసి పెట్టకూడదు. అంతే.

1991లో కంచన్‌బాగ్ దగ్గర రిటైరైన ఆఫీసర్లు నడుపుకునే ఒక చిన్న క్లబ్బులో ఆమె గిన్నెలు కడిగే పనికి చేరింది. కిషన్‌బాగ్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఆ ఏడే వంటమనిషి బసవయ్యకు పక్షవాతం వచ్చింది. అది కూడా ఎప్పుడు? సరిగ్గా జాడీలు కట్టిన నెలలో.

జాడీలంటే ఆ క్లబ్బులో పెద్ద పండగ. పాత ఇంగ్లీషు దొరల పద్ధతట. నవంబరులో జిన్ను సీసాలన్నీ పింగాణీ జాడీల్లో వంచి, పంచదార పాకం, నిమ్మతొక్కలు, దాల్చినచెక్క వేసి, మూతికి గుడ్డ కట్టి మూడు వారాలు ఊరనిస్తారు. డిసెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం మెంబర్లంతా కూర్చుని ఆ తీపి జిన్ను తాగుతారు. పక్కన తినడానికి ఏదో ఒకటి ఉండాలి. బసవయ్య మంచం మీద ఉన్నాడు. పొయ్యి దగ్గర దిక్కెవరూ లేరు.

సక్కుబాయి ఎవరినీ అడగలేదు. జాడీ గుడ్డ విప్పి ముక్కు పెట్టింది. ముందు తీపి తగిలింది. దాని వెనక నిమ్మతొక్క చేదు, ఆ వెనక ఎక్కడో ధనియాల వాసన! దొరల సారాలో ధనియాలేమిటని నవ్వుకుంది. వెంటనే ధనియాలు, మిరియాలు దోరగా వేయించి దంచి, మేక కార్జం ముక్కలు గట్టి మంట మీద వేపి, ఆ పొడి చల్లి నిమ్మకాయ పిండింది. పళ్లాలు ఖాళీ అయి వచ్చాయి. మరుసటి రోజు నుంచి పొయ్యి ఆమెదే.

మద్యనిషేధం వచ్చిన రెండు డిసెంబర్లూ జిన్ను లేదు. జాడీలు ఊరికే ఉంటే ఆమె ఊరుకుంటుందా? చింతకాయ తొక్కు పెట్టింది. మెంబర్లు మొహాలు వేలాడేసుకుని ఆ తొక్కుతోనే అన్నం తిన్నారు. నిషేధం పోయింది, జిన్ను తిరిగొచ్చింది, కార్జమూ తిరిగొచ్చింది. తొక్కు మాత్రం వంటింటి మూలకు పోయింది.

2003లో అచ్యుతరామయ్యగారు క్లబ్బు సెక్రటరీ అయ్యారు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ అన్నీ పద్ధతి ప్రకారం జరగాలంటారు. తనది తప్ప ఇంకో పద్ధతి ఉంటుందని ఆయనకు తోచదు. ఆ నవంబరులో ఒకరోజు వంటింట్లోకి వచ్చి, "ఉప్పు చూశావా?" అన్నారు.

"నేనెన్నడూ చూడ సారు."

ఆయన నిర్ఘాంతపోయారు. "రుచి చూడని మనిషి చేతి వంట మెంబర్లకి ఎలా పెట్టమంటావు? తాగని దానివి, జిన్నులోకి ఏది బాగుంటుందో నీకెలా తెలుస్తుంది?"

ఇంకేముంది, ఆర్డరు పడింది. ఈసారి జిన్ను రోజున తినేవన్నీ పెద్ద హోటలు నుంచి వస్తాయి. జనవరి ఒకటి నుంచి కొత్త వంటవాడు. సక్కుబాయి మళ్లీ గిన్నెల దగ్గరికి.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. గిన్నెలు కడగడం తక్కువ పనని కాదు. పన్నెండేళ్లు చేతితో సంపాదించుకున్న చోటు నుంచి ఒక్క మాటతో లేపేస్తే ఎవరు ఊరుకుంటారు?

డిసెంబరు మొదటి ఆదివారం పొద్దున్నే కిషన్‌బాగ్‌లో కార్జం కొని గిన్నెలో పెట్టుకుని బస్సెక్కింది. హాల్లో హోటలు వాళ్లు కేకు ముక్కలు, జీడిపప్పు సర్దారు. తీపి జిన్నులోకి తీపి కేకు! సక్కుబాయి సగం కార్జం ఎప్పటిలాగే వేపి, నిమ్మకాయ పిండి, పళ్లెంలో పెట్టుకుని నేరుగా హాల్లోకి నడిచింది. వంటింటి మనుషులు ఆ గడప దాటడం అదే మొదటిసారి. మెంబర్ల ముందు పళ్లెం పెట్టింది. అందరూ తలో ముక్క తీసుకున్నారు.

అచ్యుతరామయ్యగారికి కోపం వచ్చింది. ఒక గ్లాసు ఆమె ముందుకు జరిపారు. "అంత తెలిసినదానివైతే తాగి చెప్పు. నీ వంట దీనికి సరిపోయిందా?"

వెనక్కి తగ్గుతుందనుకున్నారు పాపం. సక్కుబాయి గ్లాసు అందుకుంది. "నేను కల్లు తాగుత సారు, దాస్తలేను. గని మీ జాడీల ఎన్నడూ చెంచ ముంచలే. అందరు తిన్నంక తింటే ఎంగిలి కాదు." ఒక ముక్క నమిలింది. ఒక గుక్క తాగింది. కళ్లు మూసుకుంది.

"తప్పు చేసిన," అంది.

సెక్రటరీ మొహం వెలిగింది.

"నిమ్మ మీద నిమ్మ పిండిన. మీ జిన్నుల నిమ్మ నా నిమ్మను మింగేసింది. కార్జం సప్పగ పడ్డది." ఆమె గొంతు లేచింది. "పన్నెండేండ్ల సంది గిట్లనే పెట్టిన. ఇంతమంది తాగుకుంట తిన్నరు గద, ఒక్కలన్న చెప్పిన్రా? చెప్పనీకి మీ నాలుకలకు ఎర్కనే లేదు. మీరొచ్చి నాకు రుచి చూసుడు నేర్పుతరా?"

ఆమె వంటింట్లోకి వెళ్లి మూలనున్న తొక్కు జాడీ తీసింది. మిగిలిన కార్జం వేపి, నిమ్మకాయ పక్కన పడేసి, చింతకాయ తొక్కు పట్టించింది. మామూలుగానే ఉప్పు చూడలేదు. పొగలు కక్కుతున్న పళ్లెం తెచ్చి నేరుగా అచ్యుతరామయ్యగారి ముందే పెట్టింది.

ఆయన ఒక ముక్క తిన్నారు. ఒక గుక్క తాగారు. చెయ్యి మళ్లీ పళ్లెం వైపే పోయింది.

"జనవరి సంది గిన్నెలకు వేరే మనిషిని చూసుకోన్రి సారు. పొయ్యి కాడ నేనుంట."

ఆయన తల ఊపారు. ఊపక ఏం చేస్తారు, నోటినిండా కార్జముంది. అది మింగాక, పెద్దరికం నిలుపుకోవడానికన్నట్టు అడిగారు: "సరే. ఇకనుంచైనా రుచి చూస్తావా?"

"చూస్త సారు," అంది సక్కుబాయి, ఖాళీ పళ్లెం చేతిలోకి తీసుకుంటూ. "మీ జిన్ను చూస్త. నా వంట చూడ."