ఇసుక కడిగిన చేతులు

నా చిన్నప్పుడు రావులపాలెం అరటి మార్కెట్టు ఎదురుగా మాకో కాఫీ హోటలు ఉండేది. నీళ్ళు పాడై మూతపడబోయిన ఆ హోటల్ని ఒక వేసవి పొడుగునా నిలబెట్టినవాణ్ణి నేనే. ఇనుము నీళ్ళని మంచినీళ్ళుగా మార్చే యంత్రాన్ని మా చుట్టుపక్కల ఊళ్ళలో మొట్టమొదట తయారుచేసింది కూడా నేనే. అప్పటికి నాకింకా పాలపళ్ళు పూర్తిగా ఊడలేదు. ఈ మాటే మొన్న మా ఇంటికి ఫిల్టర్లు బిగించడానికి రాజమండ్రి నుంచి వచ్చిన మెకానిక్కుతో చెప్పాను. అతను స్పానరు తిప్పడం ఆపకుండానే, "అలాగాండీ, మరి పేటెంటు తీసుకోవాల్సిందండీ" అన్నాడు. ఆ వెటకారానికే మనిషిది మా వైపేనని తెలిసిపోయింది.

అందులో నిజమెంతో కాసేపాగి చెబుతాను. ముందు ఆ ఫిల్టర్లు ఎందుకొచ్చాయో చెప్పాలి.

నీళ్ళతో వేగి వేగి విసిగిపోయిన ఇల్లు మాది. ఇటు కాలువ, అటు కాలువ. ఏటిగట్టు ఎక్కితే గోదావరి కనిపిస్తుంది. అయినా తాగే నీళ్ళు టిన్నుల్లో ఆటో మీద వస్తాయి. పంచాయతీ కుళాయి దాని బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. మిగతా అన్నిటికీ పెరట్లో బోరే గతి. ఆ బోరు నీళ్ళు పైకి వచ్చేటప్పుడు అద్దంలా ఉంటాయి. బకెట్లో పట్టి ఒక పూట వదిలేస్తే, అడుగున ఇటుకపొడి జల్లినట్టు ఎర్రటి మడ్డి దిగుతుంది. నా తెల్ల పంచెలన్నీ కాషాయం పట్టాయి. సన్యాసం పుచ్చుకోకుండానే ఆ రంగు వచ్చేసిందే అని నేను నవ్వబోతే, "ఉతికేది మీరు కాదుగా మావయ్యగారూ" అంది మా కోడలు. ఆ తరవాత ఆ హాస్యం మళ్ళీ ఆడలేదు. బాత్రూము గచ్చు తోమి తోమి ఆమె కుడిభుజం పట్టేసింది. కుళాయికి గుడ్డ కట్టి చూశాం. పటిక వేసి చూశాం. ట్యాంకు కడిగించాం, బోరు ఇంకొంచెం లోతుకి దింపించాం. ఏం చేసినా కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ అదే ఎరుపు. ఈ వయసులో నా మోకాళ్ళ నొప్పి కంటే ఆ ఎరుపే నన్ను ఎక్కువ అలిసిపోయేలా చేసింది. మోకాళ్ళకైతే కనీసం రాత్రిపూట విశ్రాంతి దొరుకుతుంది.

చివరికి మా అబ్బాయి నీళ్ళు పరీక్ష చేయించి, ఇంటి మొత్తానికీ ఒకేచోట వడపోత పెట్టించేశాడు. ట్యాంకు నుంచి దిగే గొట్టానికి మధ్యలో మనిషెత్తు సిలిండర్లు రెండు. ఒకటి ఇనుము పట్టుకోవడానికి. రెండోది సబ్బు నురగ రానివ్వని నీళ్ళ గట్టిదనాన్ని విరవడానికి. మెకానిక్కు మొదటిదాంట్లోకి గులకరాళ్ళు, ఇసుక, నల్లటి రవ్వలాంటిదేదో పోస్తూ ఉంటే తడిసిన ఇసుక వాసన గుప్పుమంది. ఆ వాసనకే మా తాతయ్య గుర్తొచ్చాడు. గొప్పలు చెప్పుకోవాలన్న సరదా కూడా ఆ వాసనకే పుట్టింది.

ఆ కాఫీ హోటలు మా తాతయ్యది. తాటాకు పందిరి, నాలుగు బల్లలు, ఒక గల్లాపెట్టె. తెల్లవారకముందే అరటి గెలలతో బళ్ళు దిగేవి. గెలలు దించి, బేరం తెగి, ఎడ్లకి గడ్డి వేశాక బళ్ళవాళ్ళంతా మా పందిరి కిందికే వచ్చేవాళ్ళు. మా కాఫీకి పేరు తెచ్చింది కాలువ నీళ్ళు. కావిళ్ళతో తెచ్చి బానల్లో పోసి, ఇండుపగింజ అరగదీసి కలిపితే బురదంతా అడుక్కి దిగిపోయి పైన నీళ్ళు తేటపడేవి. ఆ నీళ్ళతో కాస్తే కాఫీకి వేరే రుచి. ఇది మాత్రం అతిశయోక్తి కాదు.

వేసవిలో కాలువలు కట్టేయడం ఏటా ఉన్నదే. ఆ కొన్ని వారాలూ ఊరి మంచినీళ్ళ చెరువు ఆదుకునేది. ఆ ఏడు చెరువు సరిగా నిండలేదు. ఇళ్ళకే చాలవు, హోటళ్ళవాళ్ళు ముట్టుకోవద్దని పెద్దలు కట్టడి చేశారు. తాతయ్య పెరట్లో బోరింగు దింపించాడు. చేత్తో కొట్టే పంపు. నీళ్ళు చల్లగా, తేటగా పడ్డాయి. కొబ్బరికాయ కొట్టాం. మర్నాడు కాఫీ కాస్తే బూడిదరంగుకి తిరిగింది. టీ అయితే అచ్చం సిరా. నోట్లో పోసుకుంటే ఇనపమేకు చప్పరించినట్టుంది.

మా బళ్ళవాళ్ళు ఊరుకుంటారా! "ఏంటండీ బాబూ, ఎడ్ల నాడాలు గానీ మరిగించారేంటి?" అన్నాడు ఒక ఆసామి. "కాదెహె, పంపు చెయ్యి ఊడి గంగాళంలో పడుంటుంది" అన్నాడు ఇంకొకడు. నవ్వుకుంటూ లేచి వెళ్ళి ఎదుటి హోటల్లో కూర్చున్నారు. ఆ హోటలుకి సొంత నుయ్యి ఉంది, మంచిది. నవ్వినవాళ్ళు మర్నాడు నవ్వడానికి కూడా రాలేదు.

మా నాన్న అప్పటికే పోయాడు. అమ్మా, అక్కా, నేనూ ఆ హోటలు మీదే బతుకుతున్నాం. కాలువ మళ్ళీ వదిలేలోగా బళ్ళవాళ్ళ కాళ్ళు ఎదుటి హోటలుకి అలవాటు పడిపోతే, ఆ తరవాత గోదావరి మొత్తం తెచ్చి బానల్లో పోసినా వెనక్కి రారు. అది తాతయ్యకి తెలుసు. ఖాళీ బల్లల మధ్య కూర్చుని విసనకర్ర ఊపుకోవడం కూడా మానేశాడు. చెమట అలాగే కారనిచ్చేవాడు.

ఒకరోజు ఆయన గాజు గ్లాసు నిండా పంపు నీళ్ళు పట్టి గల్లాపెట్టె మీద పెట్టుకున్నాడు. పొద్దుట తేటగా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి పచ్చబడ్డాయి. సాయంత్రానికి ఎర్రటి మడ్డి అడుక్కి దిగి, పైన మళ్ళీ తేటపడ్డాయి. ఆయన ఆ గ్లాసుని కదిలించకుండా రోజంతా చూస్తూ కూర్చున్నాడు. గాలి తగిలితే లోపలి ఇనుము బయటపడుతోందని ఆయనకి తట్టింది. బయటపడ్డదాన్ని పట్టుకోవడమే మిగిలిన పని.

నూనెడబ్బా అడుగున మేకుతో చిల్లులు పొడిచి పంపు మూతికి వేలాడదీశాడు. నీళ్ళు వానజల్లులా కింద సిమెంటు గాబులో పడేవి. ఒక పూట కదపకుండా ఉంచి, పైతేటని ముంచి పీపాలో పోసేవాళ్ళం. పీపాలో అడుగున గులకరాళ్ళు, వాటిమీద బొగ్గులు, ఆ మీద గోదావరి ఇసుక. పీపా కింద చిన్న గొట్టంలోంచి వచ్చే నీళ్ళతో కాఫీ. మొదటి గ్లాసు తాతయ్యే అందుకుని, తొలి గుక్కని చాలాసేపు మింగకుండా నోట్లోనే ఉంచుకున్నాడు.

నీళ్ళు బాగుపడ్డాయి గానీ ఆ సంగతి ఎదుటి హోటల్లో కూర్చున్నవాళ్ళకి తెలియాలిగా. అప్పుడాయన ఒక ఎత్తు వేశాడు. గల్లాపెట్టె మీద రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో పంపు నీళ్ళు, ఇంకోదాంట్లో పీపా నీళ్ళు. ఎవర్నీ పిలవలేదు, ఏమీ చెప్పలేదు. దారినపోయేవాళ్ళు చూసేవాళ్ళు. మధ్యాహ్నానికి ఒకటి ఎర్రబడేది, రెండోది ఉన్నది ఉన్నట్టే ఉండేది. "రెండోది మనం చూడనప్పుడు మార్చేస్తున్నారేమోలెండి" అని, ఆ ఎడ్ల నాడాల ఆసామి పందెం కట్టి మరీ వచ్చి మా బల్ల దగ్గర కాపలా కూర్చున్నాడు. కాపలా కాసినంతసేపూ కాఫీలు తాగాడు. మర్నాడు ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ తరవాత ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు.

ఇంతవరకూ వచ్చాక నిజం చెప్పకపోతే బాగుండదు. యంత్రం చేసింది నేను కాదు, మా తాతయ్య. నాది పంపు కొట్టే పని. అది కూడా పెద్ద మాటే. పంపు చెయ్యి నాకంటే ఎత్తులో ఉండేది. ఎగిరి పట్టుకుని వేలాడితే నా బరువుకి కిందికొచ్చేది, మళ్ళీ లేస్తూ నన్ను కూడా లేపేది. లెక్క చూస్తే నీళ్ళ కంటే నేనే ఎక్కువసార్లు పైకి వచ్చి ఉంటాను.

పీపాలో పోసిన నీళ్ళల్లోని తుప్పు ఏమవుతుందని ఒకసారి తాతయ్యని అడిగాను. ఇసుకలో ఒక చేప ఉంది, అది తుప్పు తిని బతుకుతుంది, మూత తీస్తే పారిపోతుంది అన్నాడు. నేను నమ్మాను. ఆ పీపా పక్కన నిలబడి లోపల చేప మెసిలే చప్పుడు కూడా విన్నాను.

ఇలా ఉండగా ఒకరోజు రెండో గ్లాసు ఎర్రబడింది.

మధ్యాహ్నం కూడా కాలేదు. పందిరి నిండా జనం. ముందు చూసింది ఆ పందెం ఆసామే. ఈసారి ఏ వెటకారమూ చెయ్యలేదు. తాగుతున్న కాఫీ బల్ల మీద పెట్టేసి తాతయ్య మొహంలోకి చూశాడు. ఆ చూపు ముందు మొదటి రోజు వెటకారమే నయమనిపించింది. తాతయ్య పెరట్లోకి వెళ్ళి పీపా మూత తీశాడు. నేను చేప కోసం తొంగి చూశాను. ఇసుక మీద ఎర్రటి పొర, పెనం మీద మాడిన అట్టులా, అట్టకట్టి ఉంది. ఇక పట్టే చోటు లేక తుప్పు కిందికి జారుతోంది.

ఆ ఇసుకని రోజూ ఎవరో కడుగుతున్నారన్న సంగతి నాకు అంతవరకూ తెలియదు. కడిగేది మా అక్క. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. పొద్దున్నే పైపొర ఇసుక తట్టలోకి తోడి, నీళ్ళు పోసి, ఎరుపు వదిలేదాకా పిసికి కడిగి, మళ్ళీ పీపాలో పరిచి, తన మిగతా పనులు చూసుకునేది. ఆ వారం అక్క ఆత్రేయపురంలో మా మేనత్త కూతురి పెళ్ళికి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు ఇసుక సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆ రోజుకి కాఫీ లేదండీ అని తాతయ్య అందరికీ చెప్పేశాడు. కండువా తీసి గూటానికి తగిలించి, పంపు దగ్గర పీట వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బళ్ళవాళ్ళందరూ చూస్తుండగా ఇసుక కడగడం మొదలుపెట్టాడు. తట్ట అంచుల మీంచి నీళ్ళు కుంకం కలిపినట్టు పారాయి. "మురికి ఎక్కడికీ పోదురా. ఒకచోట ఆగుతుంది, అంతే. ఆగినచోట నుంచి రోజూ ఎవరో ఒకరు తియ్యాల్సిందే" అన్నాడు. చేప ఏమైందని నేను అడగలేదు. నా అరచేతులు రెండూ ఎర్రగా, జిగటగా అయిపోయాయి. సాయంత్రం అన్నం తినే వేళకి కూడా ఆ రంగు వదల్లేదు. మర్నాడు రెండో గ్లాసు తేటగానే ఉంది. బళ్ళవాళ్ళు వచ్చారు. కాలువ వదిలేదాకా హోటలు నిలబడింది.

ఆ అరచేతుల రంగు ఇన్నేళ్ళూ నాతోనే ఉంది. ఉతికిన పంచె కట్టుకున్నప్పుడూ, తోమిన గచ్చు మీద కాలు పెట్టినప్పుడూ, ఇక్కడి మురికి ఎవరి చేతుల్లోంచి పోయిందా అనిపిస్తుంది. అనిపించడమే గానీ, లేచి చేసింది మాత్రం తక్కువ. మొన్న మెకానిక్కు పని ముగించి ఒక వాల్వు చూపించాడు. మూడు రోజులకోసారి దీన్ని తిప్పి నీళ్ళని కింద నుంచి పైకి ఎదురు పంపాలండి, లోపల పట్టిన తుప్పంతా కొట్టుకుపోతుంది, మర్చిపోయారంటే మళ్ళీ ఎరుపేనండి అన్నాడు. రెండోదానికి ఉప్పు కూడా పోస్తూ ఉండాలట. మా అబ్బాయి ఫోను చూసుకుంటున్నాడు. కోడలేమో పట్టేసిన భుజం నొక్కుకుంటూ ఆ వాల్వు వంకే చూస్తోంది. నేను తిప్పుతానన్నాను.

అప్పట్నుంచీ తిప్పుతున్నాను. వాల్వు బిగుసు, నా నడుం అంతకంటే బిగుసు. ఎర్రనీళ్ళు గొట్టం చివర అరటి పాదులోకి పోతూ ఉంటే, తేటపడేదాకా గోడకి ఆనుకుని నిలబడతాను. ఎంత నిలబడినా మూడు రోజులకి మళ్ళీ అంత ఎరుపూ వస్తుంది. దీనికి అంతు లేదు. అయినా ఆ కాసేపూ తాతయ్య పక్కన పీట మీద కూర్చున్నట్టే ఉంటుంది.

ఇదంతా రాసుకుని నిన్న మా అక్కకి చదివి వినిపించాను. పక్కవీధిలోనే ఉంటుంది. ఎనభై దాటాయి. కళ్ళు ఆనవు గానీ చెవులు పాముచెవులు. చేప దగ్గర నవ్వింది. తాతయ్య పీట వేసుకున్న చోటికి రాగానే చెయ్యెత్తి ఆపింది.

"ఒరేయ్, తాతయ్య ఇసుక కడిగాడా? ఆయన జన్మలో ఆ తట్ట ముట్టుకున్నాడా? ఆ పందెం ఆసామికి బండి కట్టించి ఆత్రేయపురం పంపాడు. పెళ్ళి భోజనాల్లో విస్తరి ముందు నుంచి నన్ను లేపి తీసుకొచ్చారు. కట్టుకున్న పట్టుపరికిణీతోనే కూర్చుని కడిగాను."

"మరి ఆ మాట? మురికి ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరు తియ్యాలి అన్నది?"

"నేనన్నాను, ఆయనతో. ఆయన విన్నాడో లేదో గానీ నువ్వు విన్నావన్నమాట."

అరచేతులు చూసుకున్నాను. "పోనీ నా చేతులకంటిన ఎరుపు? అన్నం వేళకి కూడా వదల్లేదే?"

"భోంచెయ్యకుండా లేచిపోతున్నానని, దారిలో తినమని అత్తయ్య నాకు పూతరేకులు కట్టిచ్చింది. నేను ఇసుక కడుగుతూంటే అరుగు మీద కూర్చుని అన్నీ నువ్వే తినేశావు. అది తుప్పు కాదురా, బెల్లం."