కొంగున కట్టిన పాటలు

ఆ రోజుల్లో మాకు ఆలోచన వస్తే దాచుకోవడానికి చోటుండేది కాదు. ఇప్పుడు కథలూ పాటలూ రాసేవాళ్ళు తోచిందల్లా ఫోనులో చెప్పేసుకుంటున్నారు, రంగురంగుల చీటీలు గోడకి అంటించి ఏది ముందో ఏది వెనకో సర్దుకుంటున్నారు. (చీటీకి ఒకవైపే రాసి పారేస్తారు. రెండో వైపు ఏం పాపం చేసిందో!) నేను చదివింది మూడో తరగతి. ఒక మాట కూడబలుక్కుని రాసేలోగా రెండో మాట పారిపోయేది. పైగా నాకు పాట తోచేది పిండి రుబ్బేటప్పుడో, అంట్లు తోమేటప్పుడో. అందుకని కొంగున ముడి వేసుకునేదాన్ని.

నేను కాపురానికి వచ్చిన ఏడాదే, భీమవరం దగ్గర మా అత్తవారింట్లో ఆడపడుచు పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివారిది రావులపాలెం వైపు, అరటితోటల వాళ్ళు. భోజనాల బంతిలో వాళ్ళని ఆటపట్టిస్తూ పాటలు పాడటం మాలో ఆనవాయితీ. పాడకపోతే చప్పిడి పెళ్ళంటారు. మితిమీరి పాడితే పెళ్ళికూతురు ఆ మాటలు అత్తారింట్లో ఏళ్ళ తరబడి పడాలి. నా గొంతు బాగుంటుందని ఆ పని నాకు అప్పగించారు. తాంబూలాలకి వాళ్ళొచ్చినప్పుడు తలుపు చాటు నుంచి ఒక్కొక్కరినీ చూసి, తోచినదాన్ని గుర్తు పెట్టుకోవడానికి ఒక్కో వస్తువు కొంగున ముడేశాను. వరుస కూడా ఉంది సుమండీ: కొసన నవ్వించేవి, భుజం వైపు మండించేది. పెళ్ళికూతురు మాత్రం రోజూ నా వెనకే తిరిగేది. "వదినా, మా అత్తగారిని ఏమీ అనకు వదినా, ఆవిడ చూపుకే నాకు చెమటలు పడుతున్నాయి" అని.

పెళ్ళినాడు అందరూ పట్టుచీరలు కడితే నేను ముళ్ళు వేసుకున్న ఆ పాత నేతచీరతోనే తిరుగుతున్నాను. మా అత్తగారు చూసి, "పెళ్ళిలో ఇదేం అవతారమే?" అంటూ కొంగు పట్టుకున్నారు. చేతికి వరసగా ముళ్ళు తగిలాయి. ముడుపులనుకున్నారు పాపం! ఆవిడ మొహం పాలిపోయింది. "ఇన్ని మొక్కులు మొక్కావంటే మా ఇంట్లో నీకేం కష్టం వచ్చిందే తల్లీ? మావాడేమైనా అన్నాడా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కాదండీ అంటే వినరు. ఆఖరికి ముళ్ళు విప్పి చూపించాను.

"ఈ చింతపిక్కేంటి?"

"వియ్యంకుడు గారి బట్టతలండి."

"అరటినార?"

"పెళ్ళికొడుకు బాబాయిగారండి. మాట అలా సాగదీస్తూనే ఉంటారు కదండీ."

"మరమరాలో?"

"పెళ్ళికొడుకు అక్కగారి గొప్పలండి. చూడ్డానికి ఇంత, నోట్లో వేసుకుంటే ఏం లేదు."

నవ్వని మనిషి, పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆఖరి ముడిలో మిరియం చూడగానే మాత్రం నవ్వు ఆగిపోయింది. "వియ్యపురాలా? వద్దే. పిల్ల ఆవిడ దగ్గర బతకాలి." నేను ఊరుకోలేదు. "అదే బాగా కుదిరిందండీ" అన్నాను. (కట్టిన పాట తీసెయ్యమంటే ఎంత చిన్నవాళ్ళకైనా పౌరుషం వస్తుంది.) ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఒక కాలిపోయిన అగ్గిపుల్ల తెచ్చారు. కొత్త పుల్ల ఖర్చవకుండా, ఒక పొయ్యి నుంచి ఇంకో పొయ్యికి నిప్పు అందించడానికి అలాంటి పుల్లలు డబ్బాలో దాచేవారు. నా చేత పట్టుచీర కట్టించి, ముళ్ళన్నీ స్వయంగా దాని కొంగున వేస్తూ, మిరియానికి ముందు ఆ పుల్లని కట్టారు.

"ఇదేంటండీ?"

"నేనే. ముందు నన్ను అను. మనల్ని మనం అనుకున్నాకే ఎదుటివాళ్ళని అనే హక్కు."

బంతి కూర్చుంది. చింతపిక్క పాటకి వియ్యంకుడు గారే తల నిమురుకున్నారు. బాబాయిగారు నిజమేనని ఒప్పుకున్నారు, అక్కగారు మూతి ముడిచారు. వియ్యపురాలు మాత్రం కదల్లేదు. పెళ్ళికూతురు విస్తట్లో అన్నం ముద్ద చేసింది చేసినట్టే ఉంది. నా చేతికి పుల్ల తగిలింది. గొంతు సవరించుకుని అందుకున్నాను:

"కాలిన పుల్లనే మళ్ళీ కాల్చును మా అత్త
పులిహోర మారడిగితే పడిపోవును మూర్ఛ
మెల్లగా తినరండి వియ్యాలవారూ!"

మా అత్తగారు పులిహోర గిన్నె గుండెలకి హత్తుకుని నిలబడిపోయారు. బంతంతా గొల్లుమంది. వియ్యపురాలికి పొలమారింది. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, "మీ అత్తగారికి పాట ఉండి నాకు లేదా? నేనేం తక్కువ తిన్నానే అమ్మాయ్?" అన్నారు. అప్పుడు మిరియం తీశాను. పాట సగంలో పెళ్ళికూతురు తలెత్తి చూస్తే, వాళ్ళ అత్తగారు చేత్తో విస్తరి పక్కన తాళం వేస్తున్నారు. అప్పుడు తింది పిల్ల ఆ ముద్ద.

ఇప్పుడు మా పెళ్ళిళ్ళలో చెవులు చిల్లులుపడేలా పెట్టెలు మోగుతాయి, పాట కట్టేవాళ్ళు లేరు. నేను పాల ప్యాకెట్టు కడిగిన నీళ్ళు టీలో పోస్తాను, వాడిన టీపొడి మొక్కలకి వేస్తాను, పెళ్ళిభోజనంలో ఎవరైనా లడ్డూ వదిలేస్తే అక్కడే నిలదీస్తాను. పిల్లలు చాటుగా నవ్వుకుంటారు, తెలుసు. చాటుగా ఎందుకు? నామీద ఎంత పాట ఉంది! ఎవరైనా కడితే బంతిలో ముందు కూర్చుని వింటాను. కాకపోతే మధ్యలో ఒకటి రెండు చోట్ల సరిదిద్దుతానేమో.