సాంచాల చప్పుడు లేని హాస్టల్

డిగ్రీ మొదటేడు జగిత్యాల హాస్టల్లో మా గది ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, గోడ మీద బల్లి ఆలోచించినా వినిపించేది. కోరుట్ల నుంచి వచ్చిన నాకది స్వర్గం. సిరిసిల్ల నుంచి వచ్చిన నా గదివాడికి మాత్రం నరకం.

వాళ్లింట్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, పగలూ రాత్రీ నడుస్తాయి. వాడు పుట్టి ఏడిస్తే ఆ మోతలో మంత్రసానికే వినపడలేదట. ఆ చప్పుడు లేక వాడికి కన్ను మూతపడదు. క్లాసులో నిలబడి కూడా తూగేవాడు. చివరికి బ్యాగు సర్దాడు.

"పోతున్న రా. సాంచా నడుపుకుంట బతుకుత."

"మీ బాపు ఊకుంటడా?"

"ఊకోడు. సాంచా ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడ్త, సదువుకో అన్నడు. నిద్ర లేంది ఏం సదువుత?"

అప్పుడు నాకు మూలగది గుర్తొచ్చింది. అక్కడి ఫ్యాను తిరిగితే వేములవాడ బస్సులన్నీ ఒకేసారి గేరు మార్చినట్టుండేది. అందుకే అది ఎప్పుడూ ఖాళీ. వెళ్లి అడిగితే వార్డెన్ అనుమానంగా చూశాడు.

"గా రూం కావాలన్నోన్ని నా సర్వీసుల సూడలె. ఏం జేస్తర్రా అండ్ల?"

"నిద్రపోతం సార్."

నమ్మలేదు గానీ తాళంచెవి ఇచ్చాడు.

ఆదివారం పొద్దున ఫ్యాను వేయగానే పడుకున్న మావాడు, మధ్యాహ్నం గుడ్డు కూరకు గంట మోగినా లేవలేదు. మా హాస్టల్లో గుడ్డు వదులుకున్న మానవుడు అంతకుముందు పుట్టలేదు. బతికే ఉన్నాడా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

ఆ వారమే వార్డెన్ మా మీద జాలిపడి ఎలక్ట్రీషియన్‌ను పంపాడు. కాలేజీ నుంచి వచ్చేసరికి ఫ్యాను తిరుగుతోందో లేదో తెలియనంత మర్యాదగా తిరుగుతోంది. మావాడు మళ్లీ బ్యాగు తీశాడు.

ఫ్యాను ఆపి, మంచం మీద మంచం వేసి ఎక్కి, రాడ్డుకున్న గిన్నెలాంటి మూత స్క్రూను చెంచా కాడతో వదులు చేశాను. ఎవరెస్టు ఎక్కినవాడు కూడా అన్నిసార్లు దేవుణ్ణి తలుచుకుని ఉండడు. దిగి స్విచ్చి వేస్తే, గిన్నె రాడ్డుకు కొట్టుకుంటూ టకటకమంది. వాడు కళ్లు మూసుకుని విన్నాడు.

"జరంత ఇంకా వదులు జెయ్యి రా. మా సాంచా గింత మెల్లగ కొట్టుకోదు."

మళ్లీ ఎక్కి చేశాను. బ్యాగు మంచం కిందికి పోయింది. నా నిద్ర మాత్రం కోరుట్ల బస్సెక్కి వెళ్లిపోయింది.

మొదటిసారి ఇంటికి వెళ్లొచ్చినప్పుడు వాడు నా కోసం సాంచాల కింద రాలిన దూది దోసెడు తెచ్చాడు.

"సెవులల్ల పెట్టుకో. మా అమ్మ గదే పెట్టుకుంటది," అని చెప్పి, ఫ్యాను వేసుకుని పడుకున్నాడు.