నేనే అన్న గొంతు

గొంతు మారాకే మా అక్కంటే ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. అంతకు ముందు అత్తారింట్లో చలి చలి అంటే ఎవరూ లెక్కచేయలేదు. డెబ్బైల చివర్లో సంగతి. జగ్గయ్యపేట ఎండలకి వాకిట్లో నాపరాళ్ళ మీద కాలు పెట్టలేకపోయేవాళ్ళం. మా ఇంటికొచ్చాక ఆ ఎండల్లోనూ అక్క దుప్పటి కప్పుకుని కూర్చునేది.

నెల ముందే నొప్పులొచ్చి నందిగామలో అత్తారింట్లోనే కాన్పయింది. రక్తం ఆగకుండా పోయింది. పిల్లాడు బతికాడు, అక్కా బతికింది, పాలు మాత్రం పడలేదు. తర్వాత మొహం ఉబ్బింది, కనుబొమలు రాలిపోయాయి, గొంతు బొంగురుపోయి మగవాడి గొంతులా దిగిపోయింది. అంతకు ముందు మా ఇద్దరి గొంతూ ఒకటే. గోడ అవతల నుంచి పిలిస్తే మా అమ్మకే తేడా తెలిసేది కాదు.

ఆ కొత్త గొంతుతో జోల పాడితే పిల్లాడు కెవ్వుమన్నాడట. వాళ్ళత్త అది పట్టుకుంది. "దీనికి గాలి సోకింది. అది వదిలేదాకా పిల్లాణ్ణి ముట్టుకోవద్దు" అని వాణ్ణి తన దగ్గరుంచుకుని అక్కని మా ఇంటికి పంపేసింది. గాలి అంటే మా ఇళ్ళల్లో మనిషిని పట్టే జిన్ను. ఆ పేరు పైకి అనేవాళ్ళం కాదు.

మసీదులో పెద్దాయన నీళ్ళ మీద చదివి ఊది ఇచ్చారు. "తాగించండమ్మా, డాక్టరుక్కూడా చూపించండి" అన్నారు. రెండో మాట అమ్మ చెవికెక్కలేదు. కొమ్ములు పెట్టి చెడు రక్తం తీసే ముసలామెని పిలిపించింది. "ప్రవక్త చేయించుకున్న వైద్యం, దీనికేం వంక?" అంది. వైద్యానికి వంక లేదు. కాన్పులో రక్తమంతా పోగొట్టుకున్న మనిషికి మళ్ళీ రక్తం తీయడమేంటని అడిగే బుర్ర మాలో ఒక్కరికీ లేకపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అక్కని బోర్లా పడుకోబెట్టేవాళ్ళు. ముసలామె వీపు మీద గేదె కొమ్ము బోర్లించి, కొనకున్న బెజ్జంలోంచి నోటితో గాలి పీల్చి, మైనంతో మూసేది. ఏ గాలి పీలుస్తోందో అని నేను గుమ్మం దగ్గరే బిగుసుకుపోయేదాన్ని. చర్మం ఉబ్బి నల్లబడ్డాక కొమ్ము తీసి, బ్లేడుతో గాట్లు పెట్టి, మళ్ళీ బోర్లించేది. మొదటిసారి ముద్దకట్టిన నల్లటి రక్తం వచ్చింది. ముసలామె అక్క చెవి దగ్గర వంగింది.

"ఎవరు నువ్వు?"

ముసలామె అక్క భుజం పట్టి కుదిపింది. మళ్ళీ గద్దించింది.

"నేనే" అంది అక్క.

"విన్నారా? నేనే అంటంది! ఒప్పుకుంది" అంది ముసలామె మావైపు తిరిగి.

అమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. ఎవరని అడిగితే మనమందరం అనే మాటే అది. ఇంకేం చెప్పాలి అక్క? అయినా ఆ గొంతులో ఆ మాట వినేసరికి నేనూ గుమ్మం అవతలికి తప్పుకున్నాను.

అప్పటి నుంచి నెలనెలా, చంద్రుడు తరగడం మొదలయ్యాక, ముసలామె వచ్చేది. రాన్రాను రక్తం పలచబడింది. "చూడండి, నీళ్ళలా వస్తోంది. నలుపు పోతోందంటే అది దిగిపోతున్నట్టే" అనేది. మేం సంతోషపడేవాళ్ళం. అక్క గోడ పట్టుకుని నడిచేది. తనకి కావాల్సింది పిల్లాడొక్కడే. "వాడికి పళ్ళొచ్చాయా అమ్మా?" అని అడిగేది, ఆ గొంతు ఎవరికీ వినపడకుండా గుసగుసగా.

ఆఖరిసారి "ఎవరు నువ్వు?" అంటే అక్క నోరు తెరవలేదు. ఎన్నిసార్లు అడిగినా అంతే. పలికే సత్తువ లేదు. గాలి వదిలిందని తేల్చేసింది ముసలామె.

మర్నాడే నందిగామ బస్సెక్కాం. దార్లో అమ్మ నా చెవిలో చెప్పింది. "తలుపు దగ్గర వాళ్ళత్త ఎవరని అడిగితే నువ్వు పలుకు."

మధ్యాహ్నం ఎండకి తలుపులు వేసున్నాయి. అమ్మ గొళ్ళెం కొట్టింది.

"ఎవరూ?"

అక్క పెదాలు కదిలాయి. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నేనే అత్తయ్యా" అన్నాను.

లోపల గడియ తీసిన చప్పుడైంది. అమ్మ నన్ను వెనక్కి లాగేసింది. వాళ్ళత్త తలుపు తీసి అక్క మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. "అల్లా దయ! నీ గొంతు నీకొచ్చేసిందే" అని ఏడ్చేసింది. లోపలికి తీసుకెళ్ళి పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టింది. అక్క వాడి తల మీద మొహం ఆనించుకుని పెదాలు బిగబట్టుకుని కూర్చుంది. ఒక్క ముద్దు మాట అనలేదు. మేం బయల్దేరుతుంటే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అమ్మే విడిపించింది.

తిరుగు బస్సులో అమ్మ నిశ్చింతగా నిద్రపోయింది. నాకు అప్పుడు తట్టింది. రేపు పొద్దున వాళ్ళత్త పిలిస్తే పలకాల్సింది అక్కే.